దారం కొస

బుల్లి చేతికి బుద్ధి లేదని ఆమె అక్క అంటూ ఉంటుంది. అది తిట్టు కాదు, మెచ్చుకోలు. ఎక్కడ దారం కొస వేలాడుతూ కనపడినా ఆ చెయ్యి బుర్రను అడగకుండానే కత్తిరించేస్తుంది. అక్కాచెల్లెళ్ళ కుట్టు దుకాణంలో కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, మిషను మీద కుట్టేది అక్క. కుట్టడం అయ్యాక ఆ బట్ట బుల్లి ఒళ్ళోకి వస్తుంది. అసలు కుట్టుకు ముందు వేసిన కచ్చాకుట్టు దారాలు లాగేయడం, బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం, పైకి లేచిన ప్రతి పోగునూ మొదలంటా కత్తిరించడం ఆమె పని. మెడలో తాడుకు వేలాడే బుజ్జి కత్తెరను స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తియ్యదు. ఒకసారి బస్సులో ముందు సీటాయన కాలరు మీది పోగు కత్తిరించేసింది. ఆయనకు ఈ రోజుకీ తెలియదు. మరోసారి భర్త పోయిన ఒకావిడను పలకరించడానికి వెళ్ళి, "ధైర్యంగా ఉండాలి వదినా" అంటూనే ఆవిడ రవిక చేతి అంచు దారాలు సరిచేసి వచ్చింది. నలభై ఒకటి నిండినా ఆమె అందరికీ బుల్లే.

ఇక గుండీ. గోధుమరంగు కుక్క. ఎడమకంటి చుట్టూ గుండ్రంగా నల్లమచ్చ, అందుకే ఆ పేరు. "ఏ జాతండీ?" అని ఎవరైనా అడిగితే "మా జాతే" అంటుంది అక్క. ఆరేళ్ళ కిందట దుకాణం మెట్ల మీద ఒక అట్టపెట్టెలో దొరికాడు. అప్పటినుంచీ ఆ దుకాణంలో వాడిని "అది" అన్నవాళ్ళు నిలవలేదు. బుల్లికి ముందు ఆ పని చేసినావిడ మంచి పనిమంతురాలే. పాపం ఒకరోజు నోరు జారి, "ఈ కుక్కను అవతల కట్టేయండి, బట్టలకు బొచ్చు అంటుతోంది" అంది. సాయంత్రానికల్లా ఆవిడ వేరే దుకాణం వెతుక్కుంటోంది. వాడిని కాలితో పక్కకు తోసిన ఒక పెద్దమనిషికి అక్క ఒక చెయ్యి లేకుండానే కోటు తిరిగిచ్చేసింది. రెండో చెయ్యి కూడా ఆ కాలితోనే కుట్టుకోమంది.

అక్క కోపం అలాంటిది. చెయ్యెత్తదు, గొంతు పెంచదు. మనసు విరిగితే మాత్రం ఆ మనిషి ఇక ఆవిడ కంటికి ఆనడు. బుల్లి నాలుగేళ్ళ కిందట ఒక్క సంచీతో ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళి చేసుకున్నవాడి దగ్గర ఏం జరిగిందో అక్క అడగలేదు, బుల్లి చెప్పలేదు. ఆ మొదటి సాయంత్రం గుండీ ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగి, వాసన చూసి, ఇక ఖాయం చేసుకున్నవాడిలా ఆమె పాదాల మీద బరువంతా వేసి పడుకున్నాడు. ఇక్కడ తనకు చోటుందని ఆమెకు అనిపించింది అప్పుడే. అయినా ఒక భయం లోపల ఉండనే ఉంది. పెద్ద తప్పు ఒకటి చేసిందంటే ఈ చోటు కూడా పోతుంది.

ఆ తప్పు మంగళవారం మధ్యాహ్నం మూడింటికి జరిగింది.

అక్క మిషను దగ్గర ఉంది. బుల్లి కిటికీ పక్కన కూర్చుని ఒక నీలం గౌను నడుముకు కుచ్చులు పడుతోంది. అప్పటిదాకా పేలికల బుట్టలో దొర్లుతున్న గుండీ లేచి వచ్చి ఆమె మోకాలి మీద గడ్డం ఆనించాడు. వాడి నోటి మూలన తెల్లదారం కొస ఒకటి, రెండంగుళాలు, వేలాడుతోంది. బుల్లి ఎడమచేత్తో వాడి దవడ ఎత్తింది, కుడిచేత్తో ఆ దారాన్ని పెదవి దగ్గరికంటా కత్తిరించింది, ఒళ్ళో పడ్డ ముక్కను ఊదేసింది, మళ్ళీ కుచ్చుల్లో పడింది. ఎవరి చొక్కాకైనా చేసే పనే.

గుండీ గుటక వేశాడు. తల విదిలించి మళ్ళీ గుటక వేశాడు.

బుల్లి చేతిలో సూది ఆగిపోయింది. ఈ దారానికి రెండో కొస ఎక్కడుంది?

వాడి నోరు తెరవబోతే తల తిప్పేసుకున్నాడు. ఆమె బుట్టలోకి చూసింది. పొద్దున ఒక కోటు నుంచి లాగిన కచ్చాకుట్టు దారాలు, బారెడేసి పొడవున్నవి, ఉండచుట్టి అందులోనే పడేసింది. అవెన్నో తెలియనప్పుడు పోయినవెన్నో ఏం తెలుస్తుంది. "అక్కా" అంది.

అక్క మిషను మీంచి తలెత్తలేదు. "ఏంటే?"

"ఏం లేదు. తెల్లదారం అయిపోవచ్చింది."

"రేపు తెప్పిద్దాంలే."

దారమేగా, అనుకుంది బుల్లి. పిల్లలు ఉంగరాలు మింగినా మర్నాటికి బయటికొస్తాయి, ఇదెంత. అలా అనుకుంటే కాసేపు బాగానే ఉంది. ఆ సాయంత్రం గుండీ గిన్నె ముట్టుకోలేదు. ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టినా వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "పొద్దున షికారుకు తీసుకెళ్ళలేదని అలిగాడు" అని అక్క వాడిని బతిమాలుతుంటే బుల్లి తన కంచం పక్కకు జరిపేసింది.

బుధవారం పొద్దునకల్లా అది అలక కాదని తేలిపోయింది. పసుపుపచ్చ నురగ మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. పడుకోలేడు, కూర్చోలేడు. వీపు విల్లులా ఎత్తి గది మధ్యలో ఊరికే నిలబడ్డాడు. అక్క మొహంలో నెత్తుటిచుక్క లేదు. వచ్చిన వాళ్ళను బయటినుంచే పంపేసి, తలుపు గడియపెట్టి, సూదుల డబ్బా నేల మీద బోర్లించింది. కుట్టుపనివాళ్ళకు కుక్క జబ్బుపడిందంటే ముందు తట్టేది సూదే.

"నేను సూదులు చూస్తాను. నువ్వు గుండుసూదులు లెక్కపెట్టు. ఒక్కటి తగ్గినా చెప్పు."

బుల్లి లెక్కపెట్టింది. లెక్క సరిపోతుందని ఆమెకు ముందే తెలుసు. తెలిసి కూడా ఒక్కొక్కటే తీసి, పైకి అంకెలు చెబుతూ లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. సూదులూ అన్నీ ఉన్నాయి. అక్క అలాగే నేల మీద కూలబడి గుండీ మెడ కౌగిలించుకుంది.

"సూది కాదు. బతికించావురా తండ్రీ."

చెప్పాల్సింది ఇక్కడే. నోరు తెరిచి ఒక్కమాట అంటే పోయేదేముంది అని మీరూ నేనూ అనుకుంటాం. పోయేదేమిటో ఆమెకు తెలుసు. నిన్న చెప్పి ఉంటే కత్తిరించిన తప్పు ఒక్కటే చెప్పుకోవాలి. ఈ రోజు చెబితే నిన్నటి నుంచీ దాచిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక్కో గంట గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కుతోందే తప్ప తగ్గడంలేదు. పిరికితనం అంటే ఇదే. ఆమె కూడా దానికి వేరే పేరు పెట్టుకోలేదు.

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు బుల్లి వెనకగదిలో టార్చిలైటు పట్టుకుని గుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఒక్కసారి చూపించరా, నా బంగారు కదూ" అని దవడల మీద వేళ్ళు పెట్టింది. గుండీ గుర్రుమన్నాడు. నాలుగేళ్ళలో వాడు ఆమెను చూసి అలా చెయ్యలేదు. వెంటనే తప్పు చేసినవాడిలా ఆమె మణికట్టు నాకాడు. ఆమెకు వాడి పళ్ళంటే భయం వెయ్యలేదు. వాడంతటివాడు గుర్రుమన్నాడంటే లోపల ఎంత నొప్పి ఉండాలో, దానికి భయమేసింది. టార్చి ఆర్పేసి లేచింది.

గురువారం పొద్దున తలుపులు తెరవగానే పశువుల ఆసుపత్రిలో ఉన్నారు. పక్క కుర్చీలో ఒక ముసలాయన సంచీలోంచి పిల్లి తల బయటపెట్టి మరీ అరిచింది. గుండీ దాని వంక కన్నెత్తి చూడలేదు. పిల్లిని చూస్తే వీధి చివరిదాకా తరిమేవాడు అలా గడ్డం నేలకానించి ఉండడం చూసి అక్క పెదవులు అదిరాయి. బుల్లి గోడ మీద ఎలుకల మందు ప్రకటన చదువుతున్నట్టు నటించింది. అందులో ఏముందో ఇప్పుడడిగితే ఒక్క ముక్క చెప్పలేదు.

డాక్టరమ్మ పొట్ట నొక్కితే గుండీ మూలిగాడు. నోరు తెరిస్తే తల విసిరేశాడు. సహాయకుడు గట్టిగా పట్టుకుంటే ఆవిడ ఒక్క క్షణం లోపలికి చూడగలిగింది. "గొంతులో ఏమీ కనపడటంలేదు" అంది. తర్వాత ఎక్స్‌రే తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, "పేగుల్లో గ్యాసుంది, అంతే" అంది. "ఏమైనా మింగాడా అమ్మా? ఎముక, బొమ్మ, గుడ్డముక్క, దారం?"

"సూదులన్నీ లెక్కపెట్టుకున్నాం డాక్టర్‌గారూ. ఒక్కటీ తగ్గలేదు."

"దారం?"

అక్క నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. "మా చెల్లెలుండగా దారమా? కొస కనపడితే చాలు, దీని కన్ను తప్పించుకుపోదండీ."

డాక్టరమ్మ బుల్లి వంక చూసింది. బుల్లి తల ఊపింది. ఆ ఊపడం అవునో కాదో ఆమెకే తెలియదు.

"కుట్టుపని ఇల్లు కదా, అందుకని అడిగాను" అంది డాక్టరమ్మ, మందు సూదిలోకి ఎక్కిస్తూ. "సూదైతే ఎక్స్‌రేలో పడుతుంది, దారం పడదు. ఒక కొస పైన ఎక్కడో చిక్కుకుందనుకోండి, పేగు కదిలినప్పుడల్లా దాని మీదకి ముడుచుకుంటూ పోతుంది. ముడుచుకుని ముడుచుకుని చివరికి చిరుగుతుంది. సరే, ఇది అజీర్తే అయ్యుండొచ్చు. ఇంజెక్షన్ ఇస్తాను, రేపు సాయంత్రం దాకా చూద్దాం."

ముడుచుకుంటూ పోవడం అంటే ఏమిటో బుల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డలోకి దారం ఎక్కించి, ఒక కొస బిగించి లాగితే బారెడు గుడ్డ జానెడవుతుంది. రోజూ గౌన్ల నడుములకు ఆమె చేసే పనే. ఇంకాస్త గట్టిగా లాగితే ఎక్కడ చిరుగుతుందో కూడా ఆమె వేళ్ళకు తెలుసు.

అక్క గుండీని దుప్పటిలో చుట్టి ఎత్తుకుంది. ముగ్గురూ బయటి మెట్ల దాకా వచ్చారు. అక్క భుజం మీంచి గుండీ తల వెనక్కి వాలి ఉంది. వాడు బుల్లినే చూస్తున్నాడు. ఆ చూపులో నిందేమీ లేదు, రోజూ చూసినట్టే చూస్తున్నాడు. ఎవరైనా నిందిస్తే ఓర్చుకునేదేమో. ఈ పొద్దున నుంచి రేపు సాయంత్రం దాకా ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కవేయబోయి, లెక్క కుదరక, బుల్లి ఒక్కసారిగా వెనక్కి తిరిగి లోపలికి పరుగెత్తింది.

డాక్టరమ్మ అప్పటికే సంచీలోంచి పిల్లిని బయటికి తీస్తోంది.

"నేను కత్తిరించానండీ" అంది బుల్లి. "వాడి నోట్లోంచి దారం వేలాడుతుంటే నేనే కత్తిరించాను. మిగతాది లోపలుంది."

"ఎప్పుడు?"

"మంగళవారం. మూడింటికి. కుడి మూలన."

వెనక ఎవరో ఆగిన చప్పుడైంది. బుల్లి తిరిగి చూడలేదు. దుప్పటి వాసనే చెప్పింది అక్క వచ్చి నిలబడిందని.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టే తీరిక కూడా లేదు. గుండీకి మత్తిచ్చి, నోరు పూర్తిగా తెరిచి, నాలుక ఎత్తి చూసింది. "ఇదిగో" అంది. నాలుక మొదట్లో దారం మెలిక పడి మాంసంలోకి దిగిపోయింది. "ఆ కొస బయట ఉండి ఉంటే మొదటిరోజే ఎవరికైనా కనపడేది. ఇప్పుడు పొట్ట కోయాలి. ఇప్పుడే."

"బతుకుతాడా?" అంది అక్క.

"పేగు చిరిగిపోకుండా ఉంటే."

నడవలో నలుగురు కూర్చునే బెంచీ. అక్క ఒక చివర, బుల్లి ఇంకో చివర. రెండు గంటలు గడిచాయి. మూసిన తలుపు వెనక ఇనప సామాను కదిలిన ప్రతిసారీ బుల్లి తలెత్తి చూసింది. గుండీ పోతే తను ఇంటికెళ్ళి ఏమేం సర్దుకోవాలో మనసు దానంతటదే జాబితా వేస్తోంది. ఇలాంటప్పుడు కూడా తన బట్టల సంగతి గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బుధవారం నేను సూదులు లెక్కపెట్టేటప్పటికి నీకు తెలుసు" అంది అక్క చివరికి, ఎదురుగోడతో చెబుతున్నట్టు.

"తెలుసు."

"తెలిసే నా పక్కన కూర్చుని గుండుసూదులు లెక్కపెట్టావు."

"ఆఁ."

"ఎందుకే?"

"భయమేసింది."

"వాడికేమైనా అవుతుందని భయం లేదా నీకు?"

"ఉంది. కాని నువ్వంటే భయం ముందొచ్చింది." ఒకసారి మొదలుపెట్టాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "పొమ్మంటావేమోనని."

అక్క అప్పుడు తిరిగి చూసింది. బుల్లి ఏ మొహం చూస్తానని భయపడిందో అది కాదు అక్కడున్నది. అక్క నోరు కొంచెం తెరుచుకుని ఉంది, దెబ్బ తిన్నట్టు.

"ఈ నాలుగేళ్ళూ అలానే అనుకుంటూ ఉన్నావా? నేను పొమ్మంటానని?"

బుల్లి తల ఊపింది. ఈసారి అది అవునే.

అక్క తన చేతులకేసి చూసుకుంది. "కత్తిరించినందుకు నేనేం అనను. ఆ చెయ్యి సంగతి నాకు తెలియదా. రెండు రోజులు వాడు మన మధ్య తిరుగుతూ ఉంటే, నొప్పితో..." గుండీని చుట్టి తెచ్చిన దుప్పటిని ఒళ్ళోకి లాక్కుంది. "కోపం ఉందే. చాలా ఉంది. అదెప్పటికి పోతుందో నాకే తెలియదు. పొమ్మనడమేంటే, పిచ్చిమొహమా. నువ్వు పోతే నాకెవరున్నారు?"

బుల్లి జరిగి దగ్గర కూర్చుందామనుకుంది, ధైర్యం చాల్లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో స్టీలు పళ్ళెం, అందులో తడిసి నల్లబడిన దారం, విప్పితే బారెడుంటుంది. "పేగు అంతా కుచ్చులు పట్టినట్టుంది. ఒకచోట చిరగడానికి సిద్ధంగా ఉంటే కుట్టాను. రేపటిదాకా ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు కూడా ధైర్యం చెప్పలేనమ్మా. మూడు రోజులు గడవాలి." చేతితొడుగులు తీస్తూ ఆగింది. "మత్తు దిగుతోంది. తెలిసిన మనిషి పక్కనుంటే మంచిది. ఒక్కరే రండి."

అక్క లేచింది. రెండడుగులు వేసి, ఆగి, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుండిపోయింది.

"నువ్వెళ్ళు."

"నేనా?"

"నన్ను చూసి వాడు కూడా భయపడితే నేను తట్టుకోలేనే" అంది అక్క.

బుల్లి వెళ్ళింది. గుండీ ఇనప బల్ల మీద పక్కకి పడుకుని ఉన్నాడు. పొట్ట మీద బొచ్చు గీసేశారు. గులాబీరంగు చర్మం మీద నల్లటి కుట్లు. కాలికి గొట్టం. వంగి వాడి చెవి దగ్గర "గుండీ" అంది. కళ్ళు సగం తెరుచుకున్నాయి. తన వంక చూడాలని, తోక ఒక్కసారి ఆడించాలని, క్షమించాడని తనకు తెలియాలని ఆమె ఎంత కోరుకుందో చెప్పలేం. గుండీ ఆమెను చూశాడు. గుర్తుపట్టాడు కూడా. వెంటనే ఆ చూపు ఆమె భుజం మీంచి తలుపు వైపు పోయి అక్కడే ఆగింది. ఆమె అడ్డు తొలిగి నిలబడినా చూపు తలుపు మీంచి కదల్లేదు. నల్లమచ్చ వైపు చెవి మాత్రం కొంచెం లేచింది.

అక్కడే ఉండిపోవచ్చు. నన్ను చూసి తోక ఊపాడక్కా అని చెప్పుకోవచ్చు, కాదనేవాళ్ళు ఎవరున్నారు. బుల్లి బయటికొచ్చింది.

"అక్కా, వాడు చూసేది నా కోసం కాదు. తలుపు వంకే చూస్తున్నాడు. నీ కోసం."

అక్క రెండు చేతులతో మొహం తుడుచుకుంది. లేచి నిలబడి చెల్లెలికి ఎదురుగా వచ్చింది. "నా మొహం ఎలా ఉందే? నిజం చెప్పు."

"భయంగానే ఉంది" అంది బుల్లి. "వాడెప్పుడు భయపడ్డాడు గనక. వెళ్ళక్కా."

అక్క లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా మూసుకోకముందే ఇనప బల్ల మీద తోక కొట్టుకునే చప్పుడు వినపడింది, ఒకసారి, కాసేపాగి మరోసారి. బుల్లి గోడకు ఆనుకుని ఆ చప్పుడు మళ్ళీ వస్తుందేమోనని వింటూ నిలబడింది.